మంచు మందం

ఇరవై ఆరు చలికాలాలు
హైలువోతో దీవికి సముద్రం మీద పడే దారికి
మందం కొలిచాను.
తొలిచే బర్మా దింపడం, చిల్లులోంచి నీళ్ళు ఉబికాక
కొలబద్ద కొక్కెం అడుగంచుకి తగిలించడం,
అంకె రాసుకోవడం.
ఈ ఏడు ఆ పని లేదు నాకు.
శనివారాలు ఔలు గ్రంథాలయం రెండో అంతస్తులో
పదహారేళ్ళ ఎల్యాస్ దగ్గర
ఆటలు రాయడం నేర్చుకుంటున్నాను.

"ముందు ఇంజిన్ ఎంచుకో, ఇర్మెలీ."

ఇంజిన్ అంటే నాకు తెలిసింది
మంచుబండి కింద దడదడలాడేదే.
ఇది వేరట:
బొమ్మని తెర మీదికి మోసేది,
వెలుతురు ఎటు నుంచి పడుతుందో లెక్కగట్టేది,
ఏది దేన్ని గుద్దుకుందో కబురు చెప్పేది.

మొదటిది దిగడానికే రెండు గంటలు పట్టింది.
నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాను
గాలివానలో రేకు కప్పులా మోతెత్తింది.
కాని ఆ మంచు చూడాలి మీరు!
రేణువు రేణువుకీ నీడ,
కొమ్మ ఒంగిన చోట ఆ లేత నీలం.
దాని మీద నడిచాను.
నడుస్తూనే ఉన్నాను.
అది విరగదు.
విరగాలంటే ఏ మెనూలో ఏ గడిలో టిక్కు పెట్టాలో
సాయంత్రం దాకా వెతికాం ఇద్దరం,
కాఫీ చల్లారిపోయింది.

రెండోదాంట్లో రాయడమే లేదు,
రంగురంగుల పెట్టెలు, ఒకదానికొకటి తగిలించడమే.
పావుగంటలో నా ఎర్రకోటు మనిషి నడిచింది.
నాకు కావలసింది అడిగాను:
నిన్నటి చలి ఇవాళ్టి మందంలో కలవాలి,
నీటి పరుగు ఉన్నచోట
మంచు అడుగు నుంచి అరగాలి.
దానికి పెట్టె లేదు.

పక్క బల్ల దగ్గర తైస్తో నవ్వాడు.
ఎవరి ఇంజిన్ వాళ్ళే రాసుకోవాలంటాడు.
నాలుగేళ్ళుగా రాస్తున్నాడు.
అతని చంద్రుడు నీళ్ళలో ఎంత నిజంగా వణుకుతాడో!
ఆట ఏదయ్యా అంటే
ముందు మేఘాలు కానీ అంటాడు.
తప్పని అనను.
కొలతలన్నీ సరిచూసి దారి తెరిచేలోపు
మంచే కరిగిపోయిన ఏళ్ళు
నేనూ చూశాను.

"అసలు నీ ఆటలో ఏం జరగాలి?"
ఎల్యాస్ అప్పుడడిగాడు. ముందే అడగాల్సింది.

ఒక మనిషి. ఒక బర్మా. తెల్లటి మైదానం.
వినాలి, అంతే.
మందపాటిది లోతుగా మూలుగుతుంది,
పలచనిది పైస్థాయిలో, సన్నటి తీగలా, కూస్తుంది.
ఆ కూత విని కాలు ఆపాలి.

పెన్ను నోట్లోంచి తీశాడు.
"అయితే నీకు నీడలతో పని లేదు.
గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాం."

మూడోది చిన్నది.
ఒక్క కిటికీ తెరిచి
మిగతాది నీ పని అని చేతులు కట్టుకుంటుంది.
పదకొండు వరసలు సాగాయి.
పన్నెండోది రాయగానే ఆగిపోయి, నెమ్మదిగా:
"పన్నెండో వరస. 'మంధం' ఎవరో నాకు తెలీదు.
'మందం' అనబోయారా?"

అనబోయాను. అవును.
మొదటిది తప్పొస్తే
మూడొందల వరసల ఎర్ర అక్షరాలు కుమ్మరించి
నన్నే తప్పులా చూసింది.
పనికి కొత్తగా చేరిన కుర్రాళ్ళకి
నేనేం చేసేదాన్ని?
జారిన చోట వంగి, వేలు పెట్టి చూపేదాన్ని.
అందుకే, "ఇదే" అన్నాను.

"బొమ్మలు బాగుండవు" అన్నాడు.
"పెద్దదానికి తర్వాత మారచ్చులే."

తెల్ల చతురస్రాల మీద ఎర్ర చతురస్రం, అది నేను.
ఏడో గడిలో సన్నటి కూత.
నేను ఆగాను.
ఎల్యాస్ ఆగలేదు, బాణం మీట నొక్కేశాడు.

కిటికీ నిండా నలుపు.

అతను నా స్వెట్టర్ మోచేయి పట్టుకున్నాడు,
నేను బల్ల అంచు.

వచ్చే శనివారం
బయటికి పాకి రావడం ఎలాగో రాయాలి.